ఫ్రీమాంట్‌కు కొత్తగా వచ్చిన గ్రీన్ కార్డు కుటుంబానికి కమ్యూనిటీ కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్

తర్వాత చదివేవారికి కూడా అర్థం కావాలి కనుక మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీ అన్నయ్యగారి పిటిషన్ మీద మీ నలుగురూ గ్రీన్ కార్డులతో 2024 డిసెంబరులో విజయవాడ నుంచి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కు వచ్చారు, ప్రస్తుతం అన్నయ్యగారి ఇంట్లోనే ఉంటున్నారు. పెద్దమ్మాయికి పంతొమ్మిదేళ్లు, అక్కడ ఇంటర్మీడియట్ పూర్తి చేసింది. ఈ 2025 ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్‌లో ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో చేర్చాలని అనుకుంటున్నారు. మీవారికి అక్కడ ఏడాదికి తొమ్మిది లక్షల జీతం ఉండేది, ఇప్పుడు ఒక స్టోర్‌లో పనిచేస్తున్నారు. 2023కు అమెరికా టాక్స్ రిటర్న్ లేదు, విజయవాడలో సొంత ఇల్లు ఉంది, కొంత బంగారం ఉంది. సహాయం వస్తుందా, ఎప్పుడు చేతికి అందుతుంది, దీనివల్ల అన్నయ్యగారికి ఏమైనా ఇబ్బంది కలుగుతుందా అన్నవి మీ సందేహాలు.

నేను ఈ ప్రాంతంలోని ఒక కమ్యూనిటీ కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేశాను. ఆ అనుభవంతో నేరుగా చెబుతున్నాను: మీ అమ్మాయికి ఫెడరల్ సహాయం పొందే అర్హత గ్రీన్ కార్డు చేతికి వచ్చిన రోజు నుంచే ఉంది, కానీ రాష్ట్రం ఇచ్చే సహాయానికి ఇంకా సమయం రాలేదు. ఈ రెండింటికీ నిబంధనలు వేరు. ఆ తేడాను పట్టించుకోకుండా ఆగస్టులో పూర్తి స్థాయి విద్యార్థిగా చేరిస్తే వచ్చిన సహాయమంతా ఫీజులకే పోయి, పైన ఇంకా మీ జేబులోంచి కట్టాల్సి వస్తుంది. అందుకే ముందు దీన్ని లెక్కతో వివరిస్తాను.

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో రాష్ట్ర నివాసులకు ఫీజు యూనిట్‌కు (తరగతి బరువును కొలిచే లెక్క) 46 డాలర్లు. 2012 నుంచి ఇది మారలేదు. సెమిస్టర్లకు బదులు ఏడాదిని క్వార్టర్లుగా విభజించే డి ఆంజా వంటి కాలేజీల్లో అది క్వార్టర్ యూనిట్‌కు 31 డాలర్లు. అయితే నివాసిగా లెక్కించాలంటే ఆ సెమిస్టర్ మొదలయ్యే ముందు రోజు నాటికి రాష్ట్రంలో ఏడాదికి మించి ఉండి ఉండాలి, ఇక్కడే స్థిరపడే ఉద్దేశం ఉన్నట్టు కాగితాలు చూపాలి. డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు ఖాతా, రాష్ట్ర ఆదాయపు పన్ను రిటర్న్ వంటివి అందుకు పనికివస్తాయి. ఆ ఏడాది నిండని వారు 46 డాలర్లకు తోడుగా నాన్‌రెసిడెంట్ ట్యూషన్ కట్టాలి, అది ఎక్కువ కాలేజీల్లో యూనిట్‌కు 300 డాలర్లకు పైనే ఉంటుంది. గ్రీన్ కార్డు ఉంది కదా, మేము ఇక్కడివాళ్లమే కదా అని చాలామంది అనుకుంటారు. ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో అది నిజమే, కానీ ఫీజు విషయంలో రాష్ట్రం చూసేది మీరు ఇక్కడ ఎంతకాలంగా ఉంటున్నారన్నదే.

ఇప్పుడు లెక్క చూడండి. ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ గరిష్ఠంగా 2025-26కు 7,395 డాలర్లు, అంటే సెమిస్టర్‌కు దాదాపు 3,697. మీ అమ్మాయి ఆగస్టులో 12 యూనిట్లు తీసుకుంటే నాన్‌రెసిడెంట్ ట్యూషన్ 300 చొప్పున లెక్క వేసినా మొత్తం 4,152 డాలర్లు అవుతుంది. పూర్తి పెల్ వచ్చినా అది సరిపోదు. పుస్తకాలు, బస్సు ఖర్చులు అదనం. అదే జనవరి చివర్లో మొదలయ్యే స్ప్రింగ్ నాటికి మీకు ఏడాది నిండిపోతుంది. అప్పుడు 12 యూనిట్ల ఫీజు 552 డాలర్లే, దాన్ని కూడా తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకు రాష్ట్రం ఇచ్చే కాలిఫోర్నియా కాలేజ్ ప్రామిస్ గ్రాంట్ మాఫీ చేస్తుంది. ఆరోగ్య రుసుము వంటి చిన్న చిన్న ఫీజులు పోగా ఆ 3,697లో అధిక భాగం అమ్మాయి చదువు ఖర్చులకు మిగులుతుంది. ఫాల్‌లో వాడుకోని పెల్ సగం కూడా పోదు. ఆ విద్యా సంవత్సరానికి చెందిన వేసవి తరగతులకు దాన్ని వాడుకునే వీలుంది, పెల్‌కు ఉన్న జీవితకాల పరిమితిలోంచి కూడా తరగదు.

కాబట్టి నా సలహా జనవరిలో చేర్చమని. అప్పటిదాకా గడిచే నెలలు వృథా అవుతాయన్న దిగులు అక్కర్లేదు. కమ్యూనిటీ కాలేజీల్లోని నాన్‌క్రెడిట్ తరగతులకు ఎన్‌రోల్‌మెంట్ ఫీజు లేదు. వాటిలోగాని, పెద్దల కోసం నడిపే అడల్ట్ స్కూల్‌లోగాని ఇంగ్లీషు తరగతులు తీసుకోవచ్చు. ఇంటర్ మార్కుల మెమోను ఇక్కడి హైస్కూల్ డిప్లొమాతో సమానమని నిర్ధారించే మూల్యాంకనం చేయించడానికి కూడా ఈ సమయం సరిపోతుంది. ఫెడరల్ సహాయానికి హైస్కూల్ పూర్తయిన రుజువు తప్పనిసరి, విదేశీ సర్టిఫికెట్ విషయంలో కొన్ని కాలేజీలు ఈ మూల్యాంకనం అడుగుతాయి. ఒకవేళ అమ్మాయి ఖాళీగా కూర్చోలేనంటే ఫాల్‌లో ఒక్క మూడు యూనిట్ల తరగతి తీసుకోనివ్వండి. పెల్ ఇప్పుడు యూనిట్ల నిష్పత్తిలో వస్తుంది. 12 యూనిట్లకు పూర్తి మొత్తం, తొమ్మిదికి ముప్పావు వంతు, మూడింటికి పావు వంతు. ఆ పావు వంతు దాదాపు 924 డాలర్లు, కట్టవలసింది వెయ్యి దాటుతుంది. ఆ కొద్ది తేడా భరించగలమంటే మీ ఇష్టం.

చేరేది జనవరిలోనైనా దరఖాస్తు మాత్రం ఇప్పుడే పెట్టండి. ఫెడరల్ సహాయం కోసం పెట్టే, ఫాఫ్సా అనే ఈ దరఖాస్తుకు పైసా రుసుము లేదు. స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో తప్ప మరెక్కడా నింపకండి, డబ్బు తీసుకుని నింపిపెడతామనే వారి జోలికి వెళ్లకండి. ఫాల్, స్ప్రింగ్ రెండింటికీ 2025-26 ఫారమే వర్తిస్తుంది. రాష్ట్రం ఇచ్చే కాల్ గ్రాంట్‌కు సాధారణ గడువు మార్చి 2, అది దాటిపోయింది, కానీ కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకు సెప్టెంబరు 2 వరకు రెండో గడువు ఉంటుంది. నివాస నిబంధన దానికీ ఉంది గనుక ఈ ఏడాది దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

ఫాఫ్సాలో మన వాళ్లు మొదట చిక్కుకునేది పేరు దగ్గర. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం, ఉన్న పేరంతా ఒకే గడిలో పడటం మామూలే. దాని ఫలితంగా గ్రీన్ కార్డు మీద ఒక తీరుగా, సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఇంకో తీరుగా పేరు అచ్చవుతుంది. ఫాఫ్సా ఖాతాలోని పేరు, పుట్టిన తేదీ, నంబరు సోషల్ సెక్యూరిటీ రికార్డుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఇమిగ్రేషన్ స్థితిని వేరుగా గ్రీన్ కార్డు మీది ‘ఏ’ నంబరుతో హోంల్యాండ్ సెక్యూరిటీ రికార్డుల్లో చూస్తారు. రెండు కార్డుల మధ్య తేడా ఉంటే ముందు సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్లి సరిచేయించుకోండి. ఆ పని చేయకుండా ఫారమ్ పంపితే అది నెలల తరబడి ఆగిపోవచ్చు, ఆ జాప్యం కాలేజీ చేతిలో ఉండదు.

అమ్మాయి సంపాదించుకుంటున్నా, విడిగా ఉంటున్నా, ఇరవై నాలుగేళ్లు నిండని అవివాహిత విద్యార్థిని సాధారణంగా తల్లిదండ్రుల మీద ఆధారపడినట్టే లెక్కిస్తారు. కాబట్టి మీ ఇద్దరి వివరాలు కావాలి. భార్యాభర్తలు 2023కు అమెరికాలో ఉమ్మడిగా రిటర్న్ వేసి ఉంటే ఒకరు చాలు, మీకు ఆ రిటర్నే లేదు గనుక ఇద్దరూ వేర్వేరు ఈమెయిళ్లతో ఖాతాలు తెరవాలి. టాక్స్ సమాచారం ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) నుంచి నేరుగా తీసుకోవడానికి సమ్మతి అడుగుతారు. మాకు రిటర్నే లేదు, సమ్మతి దేనికని ఆ చోట ‘వద్దు’ నొక్కేవారిని చాలామందిని చూశాను. ఆ ఒక్క నొక్కుతో అమ్మాయికి ఫెడరల్ సహాయం మొత్తం ఆగిపోతుంది. రిటర్న్ లేకపోయినా ఇద్దరూ సమ్మతి ఇవ్వాల్సిందే.

2025-26 ఫారమ్ చూసేది 2023 ఆదాయాన్ని. ఆ ఏడాది మీవారు భారత్‌లో సంపాదించింది, అక్కడ వేసిన రిటర్న్ ప్రకారం, డాలర్లలోకి మార్చి మీరే నింపాలి. ఫారమ్ నింపే రోజు మారకపు రేటు తీసుకోండి. తొమ్మిది లక్షలంటే పది పదకొండు వేల డాలర్ల మధ్య అవుతుంది. నలుగురున్న, తల్లిదండ్రులిద్దరూ కలిసి ఉన్న కుటుంబానికి 2025-26లో గరిష్ఠ పెల్‌కు వాడే ఆదాయ హద్దు పేదరిక ప్రమాణానికి 175 శాతం, అంటే 52,500 డాలర్లు. మీ ఆదాయం దానికి చాలా దిగువన ఉంది. తుది నిర్ణయం కాలేజీదే అయినా, పూర్తి మొత్తం వచ్చే అవకాశం బలంగా ఉందనే నా అభిప్రాయం.

ఆస్తుల ప్రశ్నలు ఎదురైతే ఫారమ్ మీద సంతకం చేసే రోజు విలువలు రాయాలి. కుటుంబం నివసించే సొంత ఇంటిని లెక్కించరు, కానీ విజయవాడ ఇంట్లో ఇప్పుడు మీరు ఉండటం లేదు. కాబట్టి అది పెట్టుబడి కింద వస్తుంది, అప్పు పోగా మిగిలిన విలువ చూపాలి. కౌలుకిచ్చిన పొలం ఉన్నా అంతే. ఇంట్లో ఉన్న నగలు రాయనక్కర్లేదు, ఒంటి మీది బంగారం గురించి ఎవరూ అడగరు. ప్రావిడెంట్ ఫండ్ ఖాతాలోనే ఉంటే అది పదవీ విరమణ పొదుపు కింద మినహాయింపు పొందుతుంది, వచ్చేటప్పుడు తీసేసి బ్యాంకులో వేసుకుని ఉంటే మాత్రం అది బ్యాంకు నిల్వే. విదేశంలోని ఆస్తి ఇక్కడ ఎవరికి తెలుస్తుందిలే అని దాచమని సలహా ఇచ్చే బంధువులు ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. ఫారమ్ మీద చేసే సంతకం ఫెడరల్ ప్రభుత్వానికి ఇచ్చే ధ్రువీకరణ, పైగా మీ ఆదాయంతో ఇల్లు చూపినా గరిష్ఠ పెల్ తగ్గే అవకాశం తక్కువ. లేని లాభం కోసం అబద్ధం రాయడం తెలివైన పని కాదు.

ఇక అన్నయ్యగారి సంగతి. ఆయన ఆదాయం ఫాఫ్సాలో ఎక్కడా రాదు, ఆయన తండ్రి కాదు గనుక. ఆయన ఇంట్లో ఉంటున్నా కుటుంబ సభ్యుల సంఖ్యలో ఆయనను, ఆయన పిల్లలను కలపకూడదు. మిమ్మల్ని తెచ్చుకునేటప్పుడు ఆయన సంతకం చేసిన ఐ-864 అనే పోషణ హామీ పత్రం ప్రకారం మీరు పొందే కొన్ని ప్రభుత్వ సహాయాల ఖర్చును ఆయన నుంచి రాబట్టే వీలున్న మాట నిజమే. కానీ 1996 చట్టం పెల్ వంటి ఫెడరల్ విద్యార్థి సహాయాన్ని ఆ జాబితాలోంచి స్పష్టంగా మినహాయించింది. రేపు మీరు పౌరసత్వానికి దరఖాస్తు చేసినప్పుడు కూడా పెల్ తీసుకున్నారన్నది అడ్డంకి కాదు. ఈ భయంతో అర్హత ఉన్న పిల్లల చేత దరఖాస్తే పెట్టించని కుటుంబాలు మన వాళ్లలో ఎన్నో ఉన్నాయి.

ఇదే సందర్భంలో ఇతర పాఠకుల కోసం ఒక మాట. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యుల వీసా), ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్న విద్యార్థులకు ఫెడరల్ సహాయం రాదు. హెచ్-4 మీద ఉన్నవారు ఏడాది నిబంధన తీరితే కాలిఫోర్నియాలో నివాసుల ఫీజుకు అర్హులు కావచ్చు, అది కాలేజీ అడ్మిషన్స్ ఆఫీసులో తేల్చుకోవాలి. ఇక్కడే పుట్టిన పిల్లలకు మాత్రం తల్లిదండ్రులు హెచ్-1బీ మీద ఉన్నా పూర్తి అర్హత ఉంటుంది, తల్లిదండ్రుల వీసాతో సంబంధం లేదు.

ఫాఫ్సా వెళ్లాక కాలేజీ నుంచి వెరిఫికేషన్ కాగితాలు అడగవచ్చు, విదేశీ ఆదాయం ఉన్నవారిని అడిగే అవకాశం ఎక్కువే. ఫారం 16, ఐటీఆర్ రసీదు, అమెరికాలో రిటర్న్ వేయలేదని సంతకం చేసిన ప్రకటన సిద్ధంగా ఉంచండి. నకిలీ విద్యార్థుల పేరుతో సహాయం కాజేసే ముఠాల బెడద కాలిఫోర్నియా కాలేజీలకు ఎక్కువైంది, కాబట్టి అమ్మాయిని స్వయంగా వచ్చి గ్రీన్ కార్డు చూపమంటే చిన్నబుచ్చుకోకండి. కాలేజీ మెయిళ్లు ఆమె కాలేజీ ఈమెయిల్‌కే వస్తాయి, మీ జీమెయిల్‌కు రావు. వారానికి రెండుసార్లయినా చూసుకోమని చెప్పండి. అడిగిన కాగితం ఇవ్వకపోతే ఆ ఫైలు అక్కడే ఆగిపోతుంది, రెండోసారి గుర్తుచేసేంత తీరిక ఆ ఆఫీసులకు ఉండదు.

డబ్బు రావడం గురించి. పెల్ ముందుగా కాలేజీకి చెల్లించాల్సిన ఫీజుకు జమ అవుతుంది, మిగిలింది విద్యార్థి ఖాతాలో పడుతుంది. ఖాతాలో అలా మిగిలిన మొత్తాన్ని 14 రోజుల్లోగా విద్యార్థికి ఇవ్వాలన్నది ఫెడరల్ నిబంధన. కానీ ఆ జమ ఎప్పుడన్నది కాలేజీ క్యాలెండర్ ప్రకారం ఉంటుంది, చాలా కాలేజీలు సెమిస్టర్‌కు రెండు విడతలుగా ఇస్తాయి. జనవరిలో చేరితే మొదటి నెల పుస్తకాలకు మీ దగ్గర కొంత సిద్ధంగా ఉంచుకోండి. ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, పుస్తకాలు పోగా జీవన వ్యయానికి వాడిన పెల్ భాగం పన్ను లెక్కలోకి వచ్చే ఆదాయమన్న సంగతి కూడా గుర్తుంచుకోండి, ఎక్కువ మంది విద్యార్థులకు దానివల్ల పన్ను పడకపోయినా.

సహాయం తెచ్చుకోవడం మీకు కష్టమేమీ కాదు. కష్టమంతా దాన్ని నిలుపుకోవడంలో ఉంది, మా ఆఫీసు కౌంటర్ దగ్గర కన్నీళ్లన్నీ అక్కడే చూశాను. తెలియకుండానే ఎక్కువ మంది చేసేది ఇది: ఉత్సాహంగా ఐదు తరగతులు తీసుకోవడం, ఉద్యోగం దొరకగానే రెండు వదిలేయడం. వదిలేసిన తరగతికి ‘డబ్ల్యూ’ వస్తుంది. అది మార్కుల సగటును తగ్గించదు గనుక నష్టం లేదనుకుంటారు. కానీ ఆఫీసు వేరే లెక్క వేస్తుంది. సాధారణంగా సగటు 4.0కు 2.0 ఉండాలి, ప్రయత్నించిన యూనిట్లలో 67 శాతం పూర్తయి ఉండాలి, కోర్సుకు కావలసిన యూనిట్లకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు. 60 యూనిట్ల డిగ్రీ అయితే 90 దగ్గర ఆగిపోతుంది. ‘డబ్ల్యూ’, తప్పితే వచ్చే ‘ఎఫ్’ రెండూ ప్రయత్నించినట్టే లెక్క. పన్నెండు యూనిట్లు తీసుకుని ఆరు వదిలేస్తే 50 శాతమే పూర్తయినట్టు, తర్వాతి సెమిస్టర్‌కు హెచ్చరిక వస్తుంది, మళ్లీ అలాగే జరిగితే సహాయం నిలిచిపోతుంది. అనారోగ్యం, కుటుంబంలో మరణం వంటి కారణాలుంటే అప్పీలు చేసుకోవచ్చు, కానీ ఆధారాలు చూపాలి. ప్రామిస్ గ్రాంట్‌కూ ఇలాంటి షరతులున్నాయి. వరుసగా రెండు సెమిస్టర్లు సగటు 2.0కు తగ్గినా, సగం యూనిట్లు పూర్తి చేయకపోయినా అది పోతుంది.

అన్ని తరగతులూ వదిలేస్తే ఇంకా ప్రమాదం. సెమిస్టర్‌లో 60 శాతం గడవకముందే పూర్తిగా మానేస్తే, హాజరైన కాలానికి మించిన పెల్ వెనక్కి పోతుంది, అందులో కొంత విద్యార్థి కాలేజీకి బాకీ పడుతుంది. ఆ బాకీ తీరేదాకా తర్వాతి సెమిస్టర్‌కు నమోదు కావడమే కష్టం. అందువల్ల మొదటి సెమిస్టర్‌లో పన్నెండు యూనిట్లకు మించవద్దు. ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన పిల్లలకైనా ఇక్కడి తరగతి గదికి, వారం వారం పెట్టే పరీక్షలకు అలవాటు పడటానికి ఒక సెమిస్టర్ పడుతుంది. కౌన్సెలర్ దగ్గర స్టూడెంట్ ఎడ్యుకేషన్ ప్లాన్ రాయించుకోమనండి. ఆ ప్లాన్‌లోని డిగ్రీకి అక్కర్లేని తరగతి యూనిట్లను పెల్ లెక్కలోకి తీసుకోకపోవచ్చు. పెల్ జీవితకాల పరిమితి పూర్తి స్థాయి చదువుకు పన్నెండు సెమిస్టర్లు. ఇక్కడ నాలుగింటిలో ముగిస్తే యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) గాని, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీకిగాని మారినప్పుడు ఎనిమిది మిగులుతాయి. అక్కడ ఫీజులు పెద్దవి గనుక ఆ మిగిలినవి ఎంతో అవసరమవుతాయి. అప్పుల జోలికి ఈ దశలో వెళ్లనవసరమే లేదు. చదువుకుంటూ పనిచేసి సంపాదించుకునే ఫెడరల్ వర్క్ స్టడీ దొరికితే మాత్రం తీసుకోమనండి, ఎక్కువగా క్యాంపస్‌లోనే పని కనుక తరగతుల వేళలకు సర్దుతారు.

చివరగా భారత్ కాగితాల విషయం. ఫాఫ్సా ప్రతి ఏడాదీ వేయాలి. 2026-27 ఫారమ్ చూసేది 2024 ఆదాయాన్ని, ఆ ఏడాది కూడా మీరు దాదాపు చివరిదాకా విజయవాడలోనే ఉన్నారు. అక్కడి ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి వరకు, ఇక్కడ లెక్క జనవరి నుంచి డిసెంబరు వరకు కనుక ఆఫీసు ఏది అడుగుతుందో ముందే చెప్పలేం. 2022-23 నుంచి 2024-25 వరకు మీవారి ఫారం 16లు, ఐటీఆర్‌లు, జీతం పడిన బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్లు ఇప్పుడే తెప్పించుకోండి. పాత కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లు ఇంకా ఫోన్ ఎత్తుతున్నప్పుడే ఆ పని తేలిక.